బొమ్మల కొలువులో గ్రెండైజర్

ప్రతి దసరాకీ సాల్మియాలోని మా ఫ్లాటులో బొమ్మల కొలువు తీరుతుంది. పై మెట్టున కలశం. దాని కింద సీతారామలక్ష్మణులు, దశావతారాలు. ఆ కింద కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు, తల ఆడించే తంజావూరు బొమ్మ. అన్నిటికంటే కింది మెట్టు మీద, ఆవూదూడా పక్కన, తలకి రెండు కొమ్ములున్న ఒక ప్లాస్టిక్ మరమనిషి నిలబడి ఉంటాడు. వాడికి ఎడమ చెయ్యి లేదు. పేరంటానికి వచ్చిన వాళ్ళలో ఎవరో ఒకరు ఏటా అడుగుతారు, "ఇదెవరండీ, మహిషాసురుడా?" అని. "మావాడి బొమ్మలెండి" అంటూ మా ఆవిడ శనగలు చేతిలో పెట్టి మాట మార్చేస్తుంది.

వాడు మహిషాసురుడు కాడు. పేరు గ్రెండైజర్. పుట్టిల్లు జపాను. మాటలు నేర్చింది బేరూతులో. మా ఇంటికి వచ్చింది హవల్లీ నుంచి. ఈ సంచికకి చరిత్ర మీద ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు, కాకతీయుల గురించీ రాయలవారి గురించీ రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను ఈ కొమ్ములవాడి చరిత్ర చెబుదామనుకున్నాను. వచ్చే వేసవికి మేము కువైట్ వదిలి కాకినాడ వెళ్ళిపోతున్నాం. 1982లో వచ్చిన వాణ్ణి. ఇక్కడ సెంటు భూమి మన పేరున ఉండదు, ఉండడానికి వీల్లేదు. ఉన్నదల్లా ఫలానా చోట ఫలానా నాడు ఇలా కూర్చున్నాం అన్న జ్ఞాపకమే. అదైనా కాగితం మీద పెట్టి వెళ్దామని.

ఈ ఆలోచన రావడానికి మూలం మా మనవరాలు. హైదరాబాదులో ఏడో తరగతి. కిందటేడు దసరా సెలవులకి వాళ్ళ నాన్నతో ఇక్కడికి వచ్చింది. మా అబ్బాయి ఉద్యోగరీత్యా రెండేళ్ళు టోక్యోలో ఉన్నాడు. ఆ రెండేళ్ళలో పిల్లకి జపాను బొమ్మల చిత్రాల పిచ్చి పట్టింది. వాటిని వాళ్ళు ఆనిమే అంటారు, మన పిల్లలూ అదే మాట అంటున్నారు. సెలవు దొరికితే చాలు, ఆ చిత్రాల్లో కనిపించే ఊళ్ళు, వీధులు, రైలు గేట్లు వెతుక్కుంటూ తిరిగేవారట. కమకురా దగ్గర సముద్రం ఒడ్డున ఒక చిన్న రైలు గేటు ఉంది. 1993లో వచ్చిన ఒక బాస్కెట్‌బాల్ కథలో మొదటి పాటలో అది కనిపిస్తుంది. అంతే! ఆ గేటు దగ్గర రైలు వచ్చేదాకా నిలబడి ఫోటో తీసుకోవడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. వచ్చినవాళ్ళు ఆ చిత్రంలోని దృశ్యాన్ని ఫోనులోనో కాగితం మీదో ముందు పట్టుకుని, సరిగ్గా అదే కోణంలో వెనక నిజమైన చోటు కనిపించేలా ఫోటో తీస్తారు. ఈ యాత్రలకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సేయిచి జున్‌రేయి'. అంటే పుణ్యక్షేత్ర యాత్ర. 2016లో అక్కడ ఒక సంఘం ఏర్పడి, షికోకు ద్వీపంలో బౌద్ధులు చుట్టివచ్చే 88 ఆలయాల లెక్కన, ఇలాంటి చోట్లకీ 88 పేర్లతో జాబితా కట్టింది. మనకి నూట ఎనిమిది దివ్యదేశాలున్నట్టు.

ఇది విని నేను మొదట నవ్వాను. తరవాత నవ్వు ఆగిపోయింది. పర్ణశాలలో గోదావరి పక్కన వాగు చూపించి, సీతమ్మవారు నారచీరలు ఆరేసిన బండలు ఇవే అంటే మనం కళ్ళకద్దుకోలేదూ? జటాయువు పడిపోయిన చోటు లేపాక్షి అని, రాములవారు 'లే పక్షీ' అన్నారు గనుక ఆ పేరు వచ్చిందనీ చిన్నప్పుడు మాస్టారు చెబితే ఒళ్ళు పులకరించలేదూ? కథ ఎక్కడో ఒకచోట కాలు మోపాలని మనిషికి ఉంటుంది. జపాను వాళ్ళు దానికి పద్ధతిగా బోర్డులు పెట్టారు, రైలు టిక్కెట్లు అమ్మారు, కాఫీ హోటళ్ళు కట్టారు. ఈ హోటళ్ళలో ఒక కథనో ఒక పాత్రనో తీసుకుని, గోడలూ, కప్పులూ, వడ్డించేవాళ్ళ వేషాలూ అన్నీ ఆ కథ ప్రకారమే ఉంచుతారు. హైదీ అనే ఆల్ప్స్ కొండల పిల్ల కథని 1974లో టీవీకి తీసేముందు వాళ్ళు స్విట్జర్లాండు వెళ్ళి ఊళ్ళు చూసి వచ్చి మరీ బొమ్మలు గీశారు. ఇప్పుడు అక్కడి మాయెన్‌ఫెల్డు ఊరికి జపాను యాత్రికులు వస్తుంటారు. స్విట్జర్లాండు కథ జపాను వెళ్ళి, మళ్ళీ స్విట్జర్లాండుకి యాత్రికుల్ని తెచ్చింది.

మా మనవరాలు సాల్మియా బాల్కనీలో నిలబడి అడిగింది, "తాతయ్యా, కువైట్‌లో అలాంటి చోటు ఒక్కటైనా ఉందా?"

లేదనబోయాను. మా అబ్బాయి నా వంక చూశాడు. ఇద్దరికీ ఒకే చోటు గుర్తొచ్చింది. దాని దాకా రావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కథలు చెప్పుకునే కాఫీకొట్లు కువైట్‌కి కొత్త కాదు. ముబారకియా బజారుకి ఆ పేరు 1896 నుంచి 1915 దాకా ఏలిన షేక్ ముబారక్ వల్ల వచ్చింది. ఆ చుట్టుపక్కల కహ్వాలు, అంటే కాఫీకొట్లు, ఆ బజారంత పాతవి. వాటిలో బూ నాషీ వారిది అన్నిటికంటే ముందుదని, పద్దెనిమిదో శతాబ్దం నాటిదని ఇక్కడి పెద్దలు చెబుతారు. ముత్యాల వేటకీ సరుకుకీ వెళ్ళి వచ్చిన నాఖుదాలు, అనగా ఓడల కెప్టెన్లు, బల్లల మీద కూర్చుని ఏ రేవులో ఏ ధర పలికింది, ఏ గాలి ఎప్పుడు మళ్ళింది అని చెప్పుకునేది ఇలాంటి కొట్లలోనే. ఆ కబుర్లలో మలబారు తీరం తప్పకుండా ఉండేది, ఎందుకంటే ఆ ఓడల టేకు కలప మన దేశం నుంచే వచ్చేది. ఆస్ట్రేలియా నావికుడు ఆలన్ విలియర్స్ 1938, 39 సంవత్సరాల్లో అలీ అల్ నజ్దీ అనే కువైట్ నాఖుదాతో 'బయాన్' అనే ఓడ మీద తిరిగి, 1940లో పుస్తకం రాశాడు. దానికి పెట్టిన పేరుకి తెలుగు చెబితే 'సింద్‌బాద్ కొడుకులు' అవుతుంది. ఆ పేరు వాళ్ళకి బాగానే అతికింది.

చమురు వచ్చాక ఓడలు ఒడ్డెక్కాయి. సింద్‌బాద్ మటుకు టీవీ ఎక్కాడు. అతణ్ణి ఎక్కించింది కూడా జపాను వాళ్ళే. 1975లో నిప్పన్ యానిమేషన్ సంస్థ అరేబియా రాత్రుల సింద్‌బాద్‌ని 52 భాగాల బొమ్మల కథగా తీసింది. అది అరబ్బీ మాటలు తొడుక్కుని ఈ గడ్డకి తిరిగొచ్చింది. అరబ్బుల కథని అరబ్బు పిల్లలు జపాను గీతల్లో చూశారు. మనం నవ్వడానికి లేదు. 1993లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో మోగ్లీ కోసం దేశమంతా టీవీ ముందు కూర్చుంది కదా, ఆ మోగ్లీ కూడా జపానులోనే పుట్టాడు, అదే సంస్థ చేతిలో. అంతెందుకు, రామాయణాన్ని బొమ్మల చిత్రంగా తీయాలని పట్టుబట్టిన యూగో సాకో కూడా జపాను వాడే. మన దేశంలో రామాయణ స్థలాల తవ్వకాల మీద డాక్యుమెంటరీ పని మీద వచ్చి, మన రామ్ మోహన్ గారితో చెయ్యి కలిపి తీశాడు. ఆ సినిమా 1993లో పూర్తిగా జనంలోకి రాలేకపోయింది. 2025 జనవరి 24న తెలుగు మాటలతో సహా హాళ్ళలోకి వచ్చింది. మనవరాలు హైదరాబాదులో చూసి ఫోను చేసింది, "తాతయ్యా, హనుమంతుడు భలే ఉన్నాడు" అని.

మళ్ళీ కువైట్‌కి వద్దాం. 1976లో గల్ఫు దేశాలన్నీ కలిసి పిల్లల కార్యక్రమాలూ, విద్యా కార్యక్రమాలూ తయారు చెయ్యడానికి ఒక ఉమ్మడి సంస్థ పెట్టాయి. దాని కేంద్రం కువైట్. 1979లో ఆ సంస్థ 'ఇఫ్తహ్ యా సిమ్‌సిమ్' మొదలుపెట్టింది. అమెరికా 'సెసేమీ స్ట్రీట్'కి అరబ్బు రూపం. ఆలీబాబా గుహ ముందు చెప్పే మంత్రమే దాని పేరు. ఇదిగాక మరొకటి కువైట్ నటుల గొంతులతో అరబ్బీలోకి వచ్చింది, పేరు 'అద్నాన్, లీనా'. మూలం జపాను. 1978లో హయావో మియజాకి తీసిన 26 భాగాల కథ. ఆ పెద్దమనిషి పేరు ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు, అప్పట్లో ఎవరికీ తెలియదు. భయంకరమైన ఆయుధాలతో జరిగిన యుద్ధంలో భూమి ఇరుసే ఒరిగి, ఖండాలు మునిగిపోయాక, ఒక చిన్న ద్వీపంలో తాతతో మిగిలిన కుర్రాడు అద్నాన్. పిల్లల కథ అని కూర్చుని చూసిన పెద్దలు లేవలేకపోయేవారు.

వీటన్నిటికీ రాజు గ్రెండైజర్. గో నగాయ్ సృష్టి, తోయె సంస్థ నిర్మాణం. 1975 అక్టోబరు 5 నుంచి 1977 ఫిబ్రవరి దాకా జపానులో 74 భాగాలు నడిచింది. సొంత దేశంలో దానికి అన్నలే గొప్పవాళ్ళు, ఇది మూడో తమ్ముడు. కానీ బయట చూడండి. 1978లో ఫ్రాన్సు, ఇటలీ పిల్లల్ని ఊపేసింది. 1979లో బేరూతులో అరబ్బీ మాటలు పెట్టారు. అప్పటికి లెబనానులో అంతర్యుద్ధం నాలుగేళ్ళుగా సాగుతోంది. బయట తుపాకులు మోగుతుండగా స్టూడియోలో కూర్చుని జిహాద్ అల్ అత్రష్ కథానాయకుడికి గొంతు ఇచ్చాడు, సామీ క్లార్క్ పాట పాడాడు. ఆ పాట మొరాకో నుంచి కువైట్ దాకా ఒక తరానికంతటికీ వచ్చు.

ఇక్కడ ఒక పిట్టకథ. ఈ కార్టూన్లన్నిటికీ అరబ్బీ అంటే వీధి అరబ్బీ కాదు, ఫుస్‌హా. అన్ని దేశాలవాళ్ళకీ అర్థం కావాలని గ్రాంథికంలో మాట్లాడించేవారు. మా అబ్బాయి అరబ్బీ నేర్చింది బడిలో కంటే వాటి దగ్గరే ఎక్కువ. ఆరేళ్ళప్పుడు ఒకనాడు లిఫ్టు ఆగిపోతే, మా బిల్డింగు హారిసు దగ్గరికి పరిగెత్తి ఏదో చెప్పాడు. ఈజిప్టు ఆయన, పొట్ట పట్టుకుని నవ్వాడు. తరవాత విషయం తెలిసింది. మనవాడు చెప్పిన వాక్యాన్ని తెలుగు చేస్తే, "ఓ ద్వారపాలకా, యంత్రము స్తంభించినది, త్వరితగతిన రక్షింపుము!" అని. రామారావుగారి పౌరాణికం చూసి కూరగాయల కొట్లో అలా మాట్లాడితే ఎలా ఉంటుందో అలా. ఆ హారిసు నాకు కనిపించినప్పుడల్లా 'యంత్రము స్తంభించినదా' అని అడిగేవాడు.

కథేమిటంటే, ఫ్లీడ్ అనే గ్రహానికి యువరాజు డ్యూక్ ఫ్లీడ్. వేగా రాజు సేనలు ఆ గ్రహాన్ని నాశనం చేస్తే, గ్రెండైజర్ అనే ఆ మహాయంత్రంలో తప్పించుకుని భూమికి వచ్చి పడతాడు. జపానులో ఒక శాస్త్రవేత్త అతణ్ణి కొడుకులా చేరదీసి దైసుకే అని పేరు పెడతాడు. యువరాజు తన సంగతి ఎవరికీ చెప్పకుండా ఒక పశువుల క్షేత్రంలో గడ్డి కోస్తూ, గుర్రాలు తోముతూ బతుకుతాడు. వేగా సేన భూమి మీదకి వచ్చినప్పుడు మటుకు లేచి, తనది కాని ఈ భూమి కోసం పోరాడతాడు. చివర సొంత గ్రహం మళ్ళీ ప్రాణం పోసుకుంటోందని తెలిసి, చెల్లెలు మారియాతో అక్కడికి వెళ్ళిపోతాడు.

పేరు మార్చుకుని, పై మనిషి పశువులు కాస్తూ, మనసులో ఊరిని దాచుకున్న మనిషి. రాజంపేట నుంచి, రాయచోటి నుంచి, రైల్వే కోడూరు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళలోనూ తోటల్లోనూ చాకిరీ చేసిన మనవాళ్ళకి వేరే చెప్పాలా? రాజంపేట వైపు ఒక అమ్మను నేనెరుగుదును. నలభై ఏళ్ళ కిందట ఒక కువైటీ ఇంట్లో పిల్లల్ని పెంచడానికి వచ్చింది. చదువు లేదు. ఆ ఇంటి పిల్లలు టీవీ ముందు కూర్చుంటే వెనకాల బట్టలు మడతపెడుతూ తనూ చూసేది. మొన్న మొన్నటి దాకా సామీ క్లార్క్ పాట మొదటి చరణం తప్పులేకుండా పాడేది. అర్థం తెలుసా అని అడిగితే, "మాటలు తెలీవు సార్, ఆ పిల్లోడు ఇల్లు పోగొట్టుకున్యాడని మాత్రం తెలుసు" అంది. ఆమె సొంత పిల్లలు అప్పుడు ఊళ్ళో అవ్వ దగ్గర పెరుగుతున్నారు.

బొమ్మ కొన్నది 1988లో, హవల్లీలో. ఆ రోజుల్లో హవల్లీ అంటే పాలస్తీనా వాళ్ళ పేట. 1990కి ముందు కువైట్‌లో దాదాపు నాలుగు లక్షల మంది పాలస్తీనీయులు ఉండేవారు. బడిపంతుళ్ళు, ఇంజనీర్లు, దుకాణదారులు, ఎక్కువమంది వాళ్ళే. బొమ్మల కొట్టు ముసలాయన నాకు ధర తగ్గించలేదు గానీ, బొమ్మని డబ్బాలోంచి తీసి, చెయ్యి ఎలా పనిచేస్తుందో మావాడికి చూపించాడు. మోచేతి దగ్గర మీట నొక్కితే స్ప్రింగు విడి, ఎడమ చెయ్యి తూటాలా ఎగిరిపోయేది. "మా మనవళ్ళందరికీ వీడే హీరో. ఇల్లు పోయిన రాజు కదా" అన్నాడు ఇంగ్లీషులో. నేను అప్పుడు ఆ మాటని వ్యాపారం కబురుగా తీసుకున్నాను.

ఇక ఆ చోటు సంగతి. 1984లో నగరానికి వాయవ్యంగా, దోహా ప్రాంతంలో 'ఎంటర్‌టైన్‌మెంట్ సిటీ' తెరిచారు. మనవాళ్ళందరూ మదీనా తర్ఫీహియా అని అరబ్బీ పేరుతోనే పిలిచేవారు. లోపల మూడు లోకాలు: అరబ్బు లోకం, అంతర్జాతీయ లోకం, భవిష్య లోకం. అరబ్బు లోకంలో సింద్‌బాద్ కాలంలో తిరుగుతున్నామా అనిపించేది. భవిష్య లోకంలోకి వెళితే రాకెట్లు, అంతరిక్షం. మా అబ్బాయికి అదే గ్రెండైజర్ ఇల్లు. నిజానికి అక్కడ గ్రెండైజర్ బొమ్మ ఒక్కటీ లేదు. కానీ పిల్లవాడి లెక్కలో ఆ తెల్లటి గుమ్మటాల వెనక ఎక్కడో దైసుకే ఉంటాడు. శుక్రవారం మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం కట్టుకుని, మూడు నాలుగు తెలుగు కుటుంబాలు ఒకే కారులో ఇరుక్కుని వెళ్ళేవాళ్ళం. జపానులో ఇప్పుడు కథల పేరుమీద హోటళ్ళు కట్టి పిల్లల్ని కూర్చోబెడుతున్నారు. మేము భవిష్య లోకం పక్కన గడ్డిలో దుప్పటి పరిచి, స్టీలు క్యారియరు విప్పి కూర్చునేవాళ్ళం. మా పిల్లలకి అదే కథల కాఫీ హోటలు. 1989 శీతాకాలంలో అక్కడ తీసిన ఫోటో ఒకటి మా ఆల్బంలో ఉంది. ముందు మావాడు గ్రెండైజర్‌ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. వెనక గుమ్మటం. పక్కన మా ఆవిడ చీర చెంగు మాత్రమే పడింది. ఫోటో తీసింది నేనే, తప్పు నాదే.

1990 ఆగస్టు 2 మీలో చాలామందికి చెప్పనక్కర్లేదు. తరవాత వచ్చిన వారి కోసం రెండు ముక్కలు. మేము సెప్టెంబరులో కదిలాం. బస్సులో బస్రా, అక్కడి నుంచి బాగ్దాదు, అక్కడి నుంచి జోర్డాను సరిహద్దు. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా 59 రోజుల్లో ఎయిరిండియా అమ్మాను నుంచి 488 విమానాలు నడిపి లక్షమందికి పైగా మనవాళ్ళని ఇంటికి చేర్చింది. ఆ విమానం దాకా చేరడానికి ముందు ఎడారి గుడారాల్లో వేచి ఉండాలి. మాకు పట్టింది ఆరు రోజులు. ఒక సూట్‌కేసు, మంచినీళ్ళ జెర్రీక్యాను, మావాడి చంకలో గ్రెండైజర్.

మూడో రాత్రి మావాడు గుడారం బయట నిలబడి మీట నొక్కాడు. చెయ్యి చీకట్లోకి ఎగిరిపోయింది. ఇల్లు వదిలినప్పుడు ఏడవనివాడు, బస్సులో ఏడవనివాడు, ఆ రాత్రి ఇసుకలో పాకుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ, పక్క గుడారం వాళ్ళూ అగ్గిపుల్లలు గీసి వెతికాం. దొరకలేదు. వాణ్ణి పడుకోబెట్టబోతే అన్నాడు, "డ్యూక్ ఫ్లీడ్ కూడా ఇలాగే వచ్చాడు కదా నాన్నా. వాళ్ళిల్లు మళ్ళీ దొరికింది కదా?" వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఏం జవాబు చెప్పానో నాకు గుర్తు లేదు.

1991 ఫిబ్రవరి 26న కువైట్ విముక్తమైంది. మేము 1992లో తిరిగి వచ్చాం. వచ్చాక తెలిసినవి ఒక్కొక్కటి. జాతీయ మ్యూజియం కాలిపోయింది. అక్కడ నిలబెట్టిన 'ముహల్లబ్' అనే పాత ఓడ బూడిదయింది, తరవాత దాని నమూనాతో ఇంకొకటి కట్టారు. ఎంటర్‌టైన్‌మెంట్ సిటీ దోపిడీకి గురై, బాగుచేశాక మళ్ళీ తెరుచుకుంది. 'ఇఫ్తహ్ యా సిమ్‌సిమ్' ఆగిపోయింది. మళ్ళీ 2015లో గాని రాలేదు, అదీ అబుధాబి నుంచి. హవల్లీలో బొమ్మల కొట్టు ఉన్న చోట ఇంకేదో దుకాణం. పాలస్తీనీయుల్లో అత్యధికులు మళ్ళీ ఇక్కడికి రాలేదు, రానివ్వలేదు. ఆ ముసలాయనకి ఇది రెండో ఇల్లు పోవడం. ఆయన మాట వ్యాపారం కబురు కాదని నాకు అప్పుడు అర్థమయింది.

తరవాతి కథ త్వరగా చెప్పేయవచ్చు. మాల్స్ వచ్చాయి. 2007లో తెరిచిన అవెన్యూస్‌లో ఒక భాగం యూరపు వీధిలా, ఒక భాగం పాత అరబ్బు బజారులా కట్టి, పైన కప్పు వేసి, లోపల చల్లగాలి పెట్టారు. ముబారకియా ఉండగా ముబారకియా నకలు ఎందుకో నాకు బోధపడదు, కాని యాభై డిగ్రీల ఎండలో ఆ ప్రశ్న వెయ్యడానికి నోరు రాదు. కువైటీ మనస్తత్వ నిపుణుడు నాయిఫ్ అల్ ముతవ్వ 2006లో 'ది 99' అనే బొమ్మల పుస్తకాలు మొదలుపెట్టాడు. జపాను నుంచో అమెరికా నుంచో తెచ్చుకోకుండా సొంత వీరుల్ని పుట్టించిన మొదటి ప్రయత్నాల్లో అది ఒకటి. ఆ కథల పేరుతోనే 2009లో జహ్రాలో ఒక పిల్లల వినోదవనం కూడా తెరిచారు. పక్కనే సౌదీలో 2022లో రియాద్‌లో గ్రెండైజర్‌కి 33.7 మీటర్ల లోహవిగ్రహం నిలబెట్టి గిన్నిస్‌లోకి ఎక్కించారు. 1979లో టీవీ ముందు కూర్చున్న పిల్లలు ఇప్పుడు సంతకాలు పెట్టే కుర్చీల్లో ఉన్నారన్నమాట. ఆ వార్త చూసి మా ఆవిడ అంది, "మనవాడు కొలువులో ఉన్నది ముప్పై ఏళ్ళ నుంచి. గిన్నిస్ వాళ్ళు ఇటు రాలేదేం?"

ఎంటర్‌టైన్‌మెంట్ సిటీ 2016లో మూతపడింది. ఆ తరవాత కూల్చేశారు.

అందుకే మనవరాలి ప్రశ్నకి లేదనబోయాను. మా అబ్బాయి మాత్రం, "పద, చూపిస్తా" అన్నాడు. ముందు ముబారకియా వెళ్ళాం. 2022 మార్చి 31న అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా దుకాణాలు పోయాయి. అయినా ఇస్తికానాల్లో టీ, పక్కన ముసలివాళ్ళ దామా ఆట, మామూలే. తరవాత సాల్మియాలో కుర్రాళ్ళు నడిపే ఒక కాఫీ షాపుకి వెళ్ళాం. గోడ మీద ఎవరో గ్రెండైజర్ తల గీశారు, కొమ్ములతో సహా. కౌంటరు దగ్గర కువైటీ కుర్రాడికి పాతికేళ్ళు ఉంటాయి. మా అబ్బాయి ఫుస్‌హాలో, ఆ పాత కార్టూను గొంతుతో, "ఓ సోదరా, మాకు మూడు కాఫీలు అనుగ్రహింపుము" అన్నాడు. కుర్రాడు ఒక్క క్షణం తెల్లబోయి, పకపకా నవ్వి, అదే గొంతుతో, "ఆజ్ఞ, డ్యూక్ ఫ్లీడ్!" అన్నాడు. వాళ్ళ నాన్న ఇంట్లో ఇలాగే మాట్లాడతాడట. డబ్బులు తీసుకోనన్నాడు. బలవంతాన ఇచ్చాం.

సాయంత్రానికి దోహా రోడ్డు. ఎంటర్‌టైన్‌మెంట్ సిటీ ఉన్న చోట కంచె, దాని వెనక ఇసుక, దూరంగా కరెంటు స్తంభాలు. దిగి నిలబడ్డాం. చూపించడానికి ఏమీ లేదు. నాకు పిల్లని అంతదూరం తీసుకొచ్చినందుకు కొంచెం సిగ్గేసింది.

మనవరాలు మటుకు తన సంచిలోంచి మా ఆల్బం ఫోటో తీసింది. పొద్దున్నే మా ఆవిడని అడిగి పట్టుకొచ్చిందట. దాన్ని చేయి చాచి కంచెకి ఎదురుగా పట్టుకుంది. "నాన్నా, గుమ్మటం ఎటుండేది? కొంచెం ఎడమకా?" వాళ్ళ నాన్న ఆమె భుజాలు పట్టుకుని రెండడుగులు జరిపాడు. నన్ను అడిగారు, ఫోటో తీసింది నువ్వే కదా, ఎక్కడ నిలబడ్డావ్ అని. నేను చెప్పాను. ముప్పై అయిదేళ్ళ కిందట సూర్యుడు ఏ వైపు ఉన్నాడో చూసుకుని, మరో నాలుగడుగులు వెనక్కి జరగమన్నాను. ఒక కాపలావాడు అక్కడికి వచ్చి మమ్మల్నీ, మేము ఫోటో తీస్తున్న ఇసుకనీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు ఫోటోలు పక్కపక్కన ఉన్నాయి. రెండోదాంట్లో పిల్ల చెయ్యి, ఆ చేతిలో పాత ఫోటో, దాని అంచులు దాటాక ఇసుక. చీర చెంగు ఈసారి కూడా ఫోటో లోపలే ఉంది.

ఈ దసరాతో ఈ ఇంట్లో కొలువు ఆఖరు. బొమ్మలన్నీ పాత చీరల్లో చుట్టి కాకినాడ పెట్టెలో సర్దాలి. గ్రెండైజర్ ఒక్కడూ హైదరాబాదు వెళతాడు. మనవరాలు ఎప్పుడో రాయించుకుంది. చెయ్యి విరిగిన బొమ్మ కొలువులో ఉంచకూడదంటారు, కొత్తది అతికించి ఇవ్వనా అని మా ఆవిడ ఫోనులో అడిగింది. అతికించవద్దని చెప్పింది.